రాలని పువ్వు మీద ఒట్టు

పూలమొక్క పెంచుకునేవాళ్ళెవరైనా పూసిన పువ్వు నాలుగు రోజులు నిలవాలని కోరుకుంటారు. ఆ యేటి వానాకాలంలో మా ఇంట్లో మాత్రం అందరమూ పొద్దున లేవగానే, పువ్వు రాలిందా లేదా అని కిటికీ దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. వనపర్తిలో ఉండే మా ఆడబిడ్డ ఫోన్ చేస్తే ‘బాగున్నరా’ అని అడగడం మానేసి ‘రాలిందా’ అని అడిగేది. ఇంకా లేదంటే అటునుంచి పెద్ద నిట్టూర్పు వినబడేది. గోడ అవతల ఎవరైనా వింటే మా ఇంట్లో ఎవరికో ఆఖరి ఘడియలు నడుస్తున్నాయని అనుకునేవాళ్ళు.

ఆ పువ్వు ఆర్కిడ్. పెంచింది నేను. గద్వాలలో బడిపంతులమ్మను, అద్దె ఇంట్లో పైవాటాలో ఉంటాం, పెరడు లేదు, మిద్దె మీద పెడితే కోతులు బతకనివ్వవు. అందుకని ఇంట్లోనే పెంచుకోగల మొక్క కావాలనుకున్నాను. హైదరాబాద్ నర్సరీలో దీన్ని చూసి, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చుకున్నాను. పక్క సీటులో ఆమె దాని కుండీలోకి తొంగిచూసి, ‘మట్టి పొయ్యకుండనే అమ్మిండా, మోసగాడు’ అని దారి పొడుగునా బాధపడింది.

ఆర్కిడ్‌కు మట్టి అక్కర్లేదు. బొగ్గులు, కొబ్బరి పీచు, నాలుగు ఇటుక ముక్కలు చాలు. ఈ మాట నల్లరేగడి భూముల వాళ్ళకు చెప్పి నమ్మించడం నా తరం కాలేదు. మా ఆయన తరఫు చుట్టం ఒకాయన వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి, వారం తర్వాత చేను నుంచి ఒక సిమెంటు సంచి నిండా నల్లమట్టి మోసుకొచ్చాడు. పాపం ఈళ్ళకు మట్టికి కూడా గతిలేదనుకున్నాడేమో. ఆ సంచి ఇప్పటికీ మా మెట్ల కింద ఉంది.

మట్టిది ఒక గొడవైతే నీళ్ళది ఇంకో గొడవ. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, పోస్తే ఆకుల కొసలు మాడిపోయి తెల్లటి పొర కడుతుంది. అందుకని ఫిల్టర్ నీళ్ళే పోసేదాన్ని. మేము బోరు నీళ్ళతో స్నానం చేస్తుంటే మొక్క మాత్రం క్యాను నీళ్ళు తాగుతుందని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు. ఎండాకాలంలో కూలరు ముందు చల్లటి తడిగాలి తగిలే చోటు దానిది, పక్కన మిగిలినది ఆయనది. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చాను. ఎన్నో యేండ్లు ఆకులు తప్ప ఏమీ ఇవ్వని మొక్క, ఆ శ్రావణంలో ఒక కాడ తీసి, వరసగా మొగ్గలు వేసి, ఒక పొద్దున మొదటి పువ్వు పూసింది. లేత ఊదా రంగు, లోపల ఇంకాస్త ముదురు. నాకు ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

సరిగ్గా ఆ పొద్దున్నే మా అత్తమ్మ మా ఇంట్లో ఉంది.

అత్తమ్మది అయిజ అవతల పల్లె. అక్కడ విత్తనాల కోసం సీడు పత్తి పండిస్తారు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మామూలు పత్తి దానంతట అదే కాస్తుంది, సీడు పత్తికి మనిషి చేయి పడాలి. సాయంత్రం పూట ఆడవాళ్ళు సాలు వెంట నడుస్తూ, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను బొటనవేలి గోటితో గిల్లి, లోపల మగభాగం తీసేస్తారు. పొద్దున మగ సాలు నుంచి అప్పుడే విచ్చిన పువ్వులు తెంపుకొచ్చి వాటి పుప్పొడి దీనికి రుద్దుతారు. రుద్దినదానికి గుర్తుగా దారం కడతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. పత్తి పువ్వు ఆయుష్షు తక్కువ. పొద్దున తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి ఊదా చాయలో ఎర్రబడుతుంది, ఆ వెనకే రాలిపోతుంది. తెల్లగా ఉన్న పూటే దానితో పని. ఎర్రబడిన పువ్వు జోలికి ఎవరూ పోరు.

కొత్తకోడలిగా వచ్చిన యేడు నుంచీ అత్తమ్మ ఆ పని చేసింది. ఆడవాళ్ళ గుంపుకు పెద్దదిక్కు ఆమె, సాలులో అందరికంటే ముందు నడిచేది. బొటనవేలి గోరు ఎప్పుడూ కాస్త పెంచి ఉంచేది, పెండ్లిళ్ళకు వెళ్ళినా తీసేది కాదు. కిందటి యేడు ఆమె గిల్లిన మొగ్గలు సగం సగం గిల్లి ఉంటున్నాయని గుంపులో వాళ్ళు గమనించారు. మొహం మీద అనలేక ముందు దారాలు కట్టే పనికి మార్చారు, తర్వాత నీళ్ళ బిందె దగ్గర కూర్చోబెట్టారు. ఈ యేడు గుంపు కట్టేటప్పుడు పిలవనే లేదు. ఆ కోపంతో బట్టలు సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది.

కర్నూలులో కళ్ళ డాక్టరుకు చూపించాం. రెండు కళ్ళలోనూ మోతిబిందు, అదే శుక్లం, బాగా ముదిరిపోతోంది, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుందని చెప్పాడు. అత్తమ్మ విని, చీర కొంగు సర్దుకుని, ‘పా, బస్సు పోతది’ అని లేచింది. ఇంటికొచ్చాక ఎంత చెప్పినా వినలేదు.

“ఉన్న మసకతోని మనిషిని గుర్తుపడుతున్న, గిన్నె ఏదో గ్లాసు ఏదో తెలుస్తున్నది. కన్ను కోసినంక గా మసక గూడ పోతే యాడికి పోవాలె నేను?” అంది.

మా ఆయన ఆమెకు ఒక్కడే కొడుకు. కోపం వస్తే గట్టిగా అరవడం, అరిచాక తల్లి కాళ్ళ దగ్గర కూర్చోవడం ఆయన పద్ధతి. ఆ పొద్దున రెండూ చేసి, రేపు బయలుదేరుతున్నామని ఖాయం చేశాడు. అత్తమ్మ కిటికీ పక్క కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఊరికే చేయి చాచితే ఆర్కిడ్ గెల తగిలింది.

“ఇదేంది, పూసినట్టుంది?”

“ఈ పొద్దున్నే విచ్చుకుంది అత్తమ్మా.”

ముఖం దగ్గరికి తెచ్చి చూసింది. “తెల్లగ ముద్దుగున్నది.”

“తెలుపు కాదు, లేత ఊదా.”

“పువ్వులల్లనే ముసలిదాన్నయిన. నాకు చెప్తవానే పువ్వు సంగతి?” అంది. ఆమె గెల మీద చేయి పెట్టి కొడుకు వైపు తిరిగింది. “ఇను కొడకా. గీ పువ్వు మీద ఒట్టు. ఇది రాలిననాడు దవాఖానకు వస్త. అంతకు ముందు అడగొద్దు.”

ఆమె లెక్క నాకు అర్థమైంది. పత్తి పువ్వులాగే రేపు ఎర్రబడి ఎల్లుండి రాలుతుంది, గుండె దిటవు చేసుకోవడానికి ఆ రెండు రోజులు దొరికినా చాలనుకుంది. మా ఆయన లెక్కా అదే. ఒట్టంటే అత్తమ్మ ప్రాణం పోయినా తప్పదు. ఆయన సంబరంగా వనపర్తికి ఫోన్ చేసి, ‘అమ్మ ఒప్పుకున్నది, ఎల్లుండికి అంతా అయిపోతది’ అని చెల్లెలికి చెప్పాడు. ఇంట్లో నేనొక్కదాన్నే వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“ఆ పువ్వు రెండు నెలలైనా రాలదు,” అన్నాను ఆయన వెనకే వస్తే.

“రాలకుండ ఏం చేస్తది?”

“అట్లనే ఉంటది.”

నేనూ వాళ్ళమ్మా కలిసి పన్నిన కుట్ర అన్నట్టు చూశాడు నావైపు.

మూడో రోజుకు పువ్వు నిగనిగలాడుతూ ఉంది, పైన ఇంకో రెండు విచ్చుకున్నాయి. అత్తమ్మ తడిమి చూసి ముందు ఆశ్చర్యపోయింది. ఇంకో రెండు రోజులకు అనుమానపడింది. ‘ఇది ప్లాస్టిక్‌ది కాదుగద’ అని నన్ను చాటుగా అడిగింది. కాదని ఒట్టేశాను. వారం తిరిగాక ఆమె మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. దేవుడు తన తరఫున మాట్లాడుతున్నాడని ఆమెకు అర్థమైపోయింది.

అప్పటి నుంచి ఆ మొక్కకు అత్తమ్మ కాపలా. కుర్చీ దాని పక్కకు జరుపుకుంది. మట్టి లేని మొక్కేందని నవ్విన మనిషే, నేను పొరపాటున బోరు నీళ్ళ చెంబు పట్టుకుంటే ‘ఏయ్, క్యాను నీళ్ళు’ అని కేకవేసేది. ఫ్యాను గాలి తగిలితే పువ్వు అదిరిపోతుందని ఫ్యాను బంద్. చీపురు ఆ వైపు రాకూడదు. దిష్టి తగలకుండా కుండీకి నల్లదారం, కిటికీకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. అవి చూసి ఒకామె మెట్లెక్కి వచ్చి, దుకాణం ఎప్పుడు తెరుస్తారని అడిగింది. నిజం చెప్పాలంటే నా మొక్కను అంత బాగా చూసుకున్నవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. నాకేమో ఒక కన్ను నవ్వేది, ఒక కన్ను ఏడ్చేది. పువ్వు నిలిచినందుకు మురిసిపోయేదాన్ని, మురిసినందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మా ఆయన ఊరుకోలేదు. ఒకరోజు కుండీని ఎత్తి, గాలి మార్పు కావాలని చెప్పి, మిద్దె మీద ఎండలో పెట్టబోయాడు. కళ్ళు కనబడని మనిషి మెట్ల దగ్గర ఎట్లా అడ్డం నిలబడిందో ఇప్పటికీ నాకు తెలియదు.

“సాకు, సాకు! యాడపెట్టినవో ఆడ పెట్టు!” అంది. సరిహద్దు పల్లెల కన్నడం ఆమెకు కోపం వచ్చినప్పుడే నోట్లోకి వస్తుంది. సాకంటే చాలు అని. “ఎండకు ఎండబెట్టినా, చేతితోని తెంపినా చెల్లదు. తెంపిన పువ్వు రాలినట్టు గాదు.”

ఆ తర్వాత అన్నిటికంటే మొదట పూసిన పువ్వే నిజంగా రాలింది. బల్లి పడిందో ఏమో, పొద్దున కిందపడి ఉంది. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని ‘రాలింది! పద అమ్మా!’ అని ఇల్లంతా తిరిగాడు. అత్తమ్మ కదల్లేదు. తాను చేయి పెట్టింది గెల మీద, ఒట్టు గెలకే వర్తిస్తుందని అంది. అప్పుడు విచ్చుకున్నది ఆ ఒక్కటే కదా అని ఆయన. మొగ్గలు పువ్వులు కాకుండా రాళ్ళా అని ఆమె.

కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరు సారు పంచాయతీ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. తగవులు లేక చిక్కిపోతున్న మనిషి. కేకలు విని చొక్కా గుండీలు పెట్టుకుంటూ పైకొచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని ఇద్దరి వాదన విన్నాడు. ఒట్టు వేసేటప్పుడు అత్తమ్మ చేయి ఎక్కడుందో ఆమెతో మళ్ళీ పెట్టించి చూశాడు. ఒక్క పువ్వు మీదే పెట్టాలంటే చేయి పట్టదని తేల్చాడు.

“చేయి గెల మొత్తం మీద పడ్డది. కాబట్టి ఆఖరి పువ్వు రాలేదాక గడువున్నది,” అన్నాడు. టీ తాగి, ఎన్నాళ్ళకో కడుపునిండిన మొహంతో మెట్లు దిగాడు.

మా ఆయన ఆ కోపమంతా నా మీద చూపాడు. “నువ్వు ఆ క్యాను నీళ్ళు బంద్ చేస్తే వారంల ఖతం అయితది. నీకు మా అమ్మ కండ్లు ఎక్కువనా, పువ్వు ఎక్కువనా?”

“చంపి తీసుకుపోతే మీ అమ్మకు తెల్వదా? తెలిస్తే ఇంకోసారి మన మాట నమ్ముతదా?” అన్నాను. మాట పెరిగింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఈలోగా ఆమె చూపు ఇంకా తగ్గింది. టీ కప్పు పక్కన పోసేది. ఒక మధ్యాహ్నం కొక్కేనికి వేలాడుతున్న మా ఆయన చొక్కాను చూసి, ‘ఎంతసేపు నిలబడ్తవు, కూసో’ అంది. నాకు నవ్వాగలేదు. విషయం తెలిసి ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. నాకు చాలా భయమేసింది. ఆ సాయంత్రం పువ్వు ముందు నిలబడి, ఇంత అందంగా ఎందుకు పూశావే నువ్వు అని దాన్ని తిట్టాను.

క్రాసింగులు మొదలయ్యాయని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. గుంపులో ఒకామె మాట్లాడుతుంటే వెనక ఆడవాళ్ళ నవ్వులు, గాజుల చప్పుడు వినబడుతున్నాయి. అత్తమ్మ ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, ‘ఇప్పుడు ముందట ఎవరు నడుస్తున్నరు’ అని అడిగింది. జవాబు విని ‘మంచిది’ అంది. ఫోన్ నా చేతికిచ్చి, ఆ పూట అన్నం వద్దంది.

మర్నాడు పొద్దున టీ తీసుకుని వెళితే అత్తమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. ఎడమచేత్తో గెలను పట్టుకుని, కుడిచేతి బొటనవేలి గోటితో చివరి పువ్వు లోపల ఏదో సవరిస్తోంది. ప్రతి పువ్వు కాడకూ ఎర్రదారం ముడి ఉంది. కొంగు అంచులోంచి పోగులు లాగి కట్టింది.

“ఏం చేస్తున్నవు అత్తమ్మా?”

“క్రాసింగు,” అంది. ఆ మొహంలో అంత సంతోషం ఆ యేడంతా నేను చూడలేదు. “దీని సంగతే యేరేనే బిడ్డ. మగది, ఆడది రెండూ ఒక్క కాడకే అతుక్కొని ఉన్నయి. కొసకు టోపీ లెక్క ఉన్నది. గిట్ల గోటితోని లేపితే లోపల రెండు సన్నపు గింజలు. గోరుకు అంటుకుంటయి. దాని కింద జిగట జిగట గుంత. ఈ పువ్వుయి ఆ పువ్వుకు, ఆ పువ్వుయి ఈ పువ్వుకు పెట్టిన. ఒక్కటి ఇడిసిపెట్టలే.”

“ఎందుకు పెట్టినవ్?”

గోరు కొంగుకు తుడుచుకుంది. “తెల్వదు. చేయి ఊకోలే.”

ఆర్కిడ్ పువ్వు అన్నాళ్ళు ఎందుకు నిలుస్తుందో నాకు తెలుసు. పుప్పొడి తెచ్చే పురుగు కోసం ఎదురుచూస్తూ నిలుస్తుంది. పుప్పొడి అందిందా, ఇక అలంకారంతో పని లేదన్నట్టు ముడుచుకుంటుంది. ఇన్నాళ్ళూ కాపలా కాసి, కొడుకునూ ఎండనూ గాలినీ ఆపిన మనిషి తన చేతితోనే దాని పని ముగించింది. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక, చల్లారిన టీ నేనే తాగేశాను.

మర్నాటికి రేకులు సోలిపోయాయి. ఆ మర్నాటికి తడిగుడ్డల్లా వేలాడాయి. మా ఆయన చూసి, కళ్ళు నులుముకుని, మొక్కకు దండం పెట్టాడు. అయినా వాళ్ళమ్మ ఇంకేం మెలిక పెడుతుందోనని నోరెత్తలేదు. ఓనరు సారు ఎవరూ పిలవకుండానే చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చేశాడు.

అత్తమ్మ ఒక్కో పువ్వునూ తడిమింది. రేకులను వదిలేసి, వెనక కాడను రెండు వేళ్ళతో నొక్కి చూసింది. రోజూ అట్లాగే చూస్తూ ఉంది. ఆఖరి పువ్వు కూడా ఎండి వాలిన పొద్దున, “పట్టినయే!” అని కేకవేసింది. “కాడలు ఉబ్బుతున్నయి. కాయ పట్టింది. ఒక్కటి తప్పలే!”

ఓనరు సారు గొంతు సవరించుకున్నాడు. ఎండిన పువ్వు ఇంకా కాడనే పట్టుకుని ఉంది కాబట్టి, రాలినట్టా కాదా అన్నది విచారించాల్సిన విషయమే అన్నాడు.

“ఇచారణ ఏం లేదు సారు,” అంది అత్తమ్మ. “పువ్వు అయిపోయింది. నేను పోత.”

బట్టలు సర్దుతుంటే నాతో అసలు మాట చెప్పింది. “కండ్లు పోతే నేను ఎందుకు పనికొస్త, నీళ్ళ బిందె కాడ గూడ కూసోనియ్యరు అని భయపడ్డనే. ఇప్పుడు సూసినవ్ గద. కండ్లు మూసుకొని చేసినా ఒక్కటి తప్పలే. చేయి నాతోనే ఉన్నది. ఇగ కన్ను ఉంటే ఉంటది, పోతే పోతది, కోయించుకుంట.”

నేను ఆమెను వాటేసుకున్నాను. మా మధ్య అట్లాంటి అలవాటు లేదు. ‘జర ఇడువు, చీర నలుగుతది’ అంది.

ముందు ఒక కంటికి చేశారు. కట్టు విప్పాక నల్ల కళ్ళద్దాలు పెట్టి ఇంటికి తెచ్చాం. బస్సులో ఉన్నంతసేపు అత్తమ్మ నోరు మూయలేదు. బోర్డులు చదవడం రాదు కాబట్టి మనుషులను చదివింది. మా ఆయన వైపు చూసి, ‘ఎంట్రికలు గింత తెల్లగ ఎప్పుడైనయ్ రా’ అంది. నావైపు చూసి, ‘నువ్వు అంత నల్లగేం లేవు’ అంది. రెండో కన్ను ఎప్పుడు చేయించుకుంటావని మా ఆయన అడిగితే, ఆమె నోరు తెరిచే లోపే ‘ఒట్టు వద్దు’ అని ఇద్దరమూ అరిచాం. డ్రైవరు బస్సు ఆపాలేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడిచి నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. పచ్చటి కాయలు, వాటి మెడలకు ఎర్రదారాలు. ఒక్కోదాన్ని కంటితో చూసి, తృప్తి లేక మళ్ళీ వేళ్ళతో చూసింది.

“పువ్వునే సరిగ సూడకపోతి,” అంది.

ఫోనులో ఫొటో తీసి ఉంచుకున్నాను. పెద్దది చేసి చేతికిచ్చాను. కళ్ళద్దాలు పైకెత్తి, దగ్గరికి, దూరానికి జరిపి చూసింది.

“గిదేంది?”

“నీ పువ్వే అత్తమ్మా.”

“గీ రంగా?”

“మొదటిరోజే చెప్పిన గద, ఊదా అని.”

ఫొటో మీద బొటనవేలు పెట్టి రుద్దింది, రంగు పోతుందేమోనన్నట్టు.

“ఇది ఎర్రబడ్డ పువ్వునే పిల్లా,” అంది చివరికి. “రంగు తిరిగిన పువ్వుకు ఎవరన్న క్రాసింగ్ చేస్తరా? కండ్లు కనపడితే దీని మీద చేయే పెట్టకపోదును.”

పెట్టి ఉండకపోతే ఆ గెల దసరా దాటేదాకా నిలిచేది. ఆమె కుర్చీలోంచి లేచేది కాదు. కన్ను ముదిరిపోయేది. కనబడలేదు కాబట్టి ఇప్పుడు కనబడుతోంది. ఇద్దరికీ ఆ లెక్క ఒకేసారి తట్టినట్టుంది, ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. కంట్లో నీళ్ళు రానీయొద్దని డాక్టరు చెప్పాడని ఆమెను తిడుతూనే నవ్వాను. నా కళ్ళలో మాత్రం నీళ్ళు ఆగలేదు.

నవ్వు తగ్గాక మా ఆయన వినకుండా నన్ను దగ్గరికి పిలిచింది.

“ఎవ్వరికీ చెప్పకు. ఎర్రబడ్డ పువ్వుకు క్రాసింగ్ చేసిందని ఊర్ల ఆడోళ్ళు నవ్వుతరు. వచ్చే యేడు నేను ముందట నడవాలె.”

చెప్పనని మాటిచ్చాను. ఒట్టు మాత్రం వేయలేదు.